ది డ్రిఫ్టర్స్ ఒకే గ్రూపా? ఆ పాటలు అసలు పాడిందెవరు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికన్ గాయక బృందం ‘ది డ్రిఫ్టర్స్’ పాటలు వరసపెట్టి వింటుంటే ఒక్కో పాటలో ఒక్కో గొంతు వినిపిస్తోంది. సభ్యుల జాబితా చూస్తే చాంతాడంత ఉంది. ఇది ఒకే గ్రూపా, వీళ్లలో అసలు డ్రిఫ్టర్స్ ఎవరు, ఇప్పుడు అదే పేరుతో జరుగుతున్న షోకి టికెట్ కొనొచ్చా, పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టి వినాలి?

ఒకే గ్రూపు కాదండీ. ఒకే పేరు కింద కనీసం మూడు గ్రూపులు పనిచేశాయి. 1953లో క్లైడ్ మెక్‌ఫాటర్ చుట్టూ ఏర్పడింది మొదటిది. 1958లో దాన్ని మొత్తానికి మొత్తం పీకేసి, అదే పేరుతో వేరే కుర్రాళ్లను నిలబెట్టారు, అది రెండోది. మీకు తెలిసిన పెద్ద హిట్లలో ఎక్కువ ఈ రెండోదానివే. 1970ల్లో ఇంగ్లండ్ చేరి అక్కడ హిట్లు కొట్టింది మూడోది. ఈ మూడింటిలోనూ ముందు నిలబడి పాడినవాడు జానీ మూర్ ఒక్కడే.

గొంతులు ఎందుకిలా మారుతూ వచ్చాయన్నదే అసలు సంగతి. చాలామంది గొడవలు, ఈగోలు అనుకుంటారు. నేను ఈ కాలపు రికార్డులు చాలా ఏళ్లుగా సేకరిస్తున్నాను, వాటి వెనక కథలు చదువుతున్నాను. నాకు తేలిందేమిటంటే, డ్రిఫ్టర్స్ చరిత్రలో ప్రతి మలుపులోనూ ఉన్నది జీతం గొడవ. పేరు గాయకులది కాదు, మేనేజరుది. గాయకులు వారం జీతం మీద పనిచేసిన ఉద్యోగులు. మద్రాసు స్టూడియోలు ఒకప్పుడు నటుల్ని, వాద్యకారుల్ని నెలజీతం మీద పెట్టుకున్నట్టే ఇదీ. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా అందులో వాళ్లకు వాటా ఉండేది కాదు. పెంచమని అడిగినవాడు బయటికి, కొత్తవాడు లోపలికి.

క్లైడ్ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ జీతం బాధ ముందుగా పడ్డది ఆయనే. 1932లో నార్త్ కరోలినాలోని డర్హంలో పుట్టాడు. తండ్రి బాప్టిస్టు పాస్టరు. చర్చిలో పాడి పెరిగిన గొంతు, పైస్థాయిలో పలికే టెనర్. 1950లో బిల్లీ వార్డ్ నడిపిన డామినోస్ అనే గ్రూపులో చేరాడు. వాళ్ల ‘హావ్ మెర్సీ బేబీ’ 1952లో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, అమెరికా నల్లజాతి పాప్ సంగీతం) చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. పాడింది క్లైడ్, పోస్టరు మీద మాత్రం పేరు వార్డ్‌ది. కొన్ని చోట్ల ‘క్లైడ్ వార్డ్’ అని, బిల్లీ తమ్ముడన్నట్టు కూడా పరిచయం చేశారు. జీతం అంతంత మాత్రం, అందులోనూ కోతలు. 1953లో ఆ గ్రూపు నుంచి బయటపడ్డాడు.

అట్లాంటిక్ రికార్డ్స్ అధినేత అహ్మెత్ ఎర్టెగన్ ఒక రాత్రి న్యూయార్కులోని బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో డామినోస్ ప్రోగ్రాం చూడ్డానికి వెళ్తే వేదిక మీద క్లైడ్ లేడు. ఆయన అక్కణ్ణుంచి హార్లెం పేటలో వెతుక్కుంటూ పోయి, ఒక అద్దెగదిలో క్లైడ్‌ను పట్టుకుని ఒప్పందం కుదుర్చుకున్నాడు. సొంత గ్రూపు కట్టుకోమన్నాడు. క్లైడ్ ముందు తన చర్చి బృందం మిత్రుల్నే తెచ్చుకున్నాడు గానీ, ఆ రికార్డింగు కంపెనీకి నచ్చలేదు. రెండోసారి గెర్హార్ట్ థ్రాషర్, ఆండ్రూ థ్రాషర్ అన్నదమ్ముల్ని, బిల్ పింక్నీని, విల్లీ ఫెర్బీని కలుపుకున్నాడు. వీళ్లందరూ గాస్పెల్ (చర్చి భక్తిపాటలు) పాడినవాళ్లే. 1953 ఆగస్టులో ‘మనీ హనీ’ రికార్డు చేశారు. అది ఆర్ అండ్ బీ చార్టులో 11 వారాలు నంబర్ వన్‌గా ఉంది.

ఆ పాటను ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట్లో వెనకవాళ్లు బ్యాగ్‌పైపు శ్రుతిలాగా ఒకే స్వరాన్ని లాగుతారు. ఆ మీద క్లైడ్ అద్దె అడగడానికి వచ్చిన ఇంటి ఓనరు కథ మొదలుపెడతాడు. రాసింది జెస్సీ స్టోన్, చాలా తెలివైన పాట. శాక్సాఫోన్ సోలో దగ్గర క్లైడ్ ఒక కేక వేస్తాడు. చర్చిలో ఆవేశం వచ్చినప్పుడు వేసే కేకే అది, ఇక్కడ డబ్బు గురించిన పాటలోకి వచ్చింది. రాక్ అండ్ రోల్ ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే ఈ పాటే వినిపిస్తాను. మూడేళ్ల తర్వాత ఎల్విస్ ప్రెస్లీ దీన్ని పాడాడు. డ్రిఫ్టర్స్ 1954లో విడుదల చేసిన ‘వైట్ క్రిస్మస్’ను కూడా ఎల్విస్ 1957లో దాదాపు వీళ్ల పద్ధతిలోనే పాడాడు. డ్రిఫ్టర్స్ ‘వైట్ క్రిస్మస్’లో మొదట వినిపించే ఆ లోతైన బేస్ గొంతు పింక్నీది, తర్వాత ఎగిరొచ్చేది క్లైడ్‌ది.

1954లో క్లైడ్‌కి సైన్యం నుంచి పిలుపొచ్చింది. తిరిగొచ్చాక సోలోగా పాడాలనుకున్నాడు. గ్రూపులో తనకున్న వాటాను మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. నా దృష్టిలో డ్రిఫ్టర్స్ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంతకం ఇదే. డామినోస్‌లో జీతగాడిగా నలిగినవాడు, తన తర్వాత వచ్చేవాళ్లందర్నీ అదే స్థితికి అప్పగించి వెళ్లాడు. కావాలని చేసింది కాదు, తర్వాత దీనికి చాలా బాధపడ్డాడు కూడా. సోలోగా కొన్నేళ్లు వెలిగి, తాగుడుకి బానిసై, 1972లో 39 ఏళ్లకే పోయాడు.

ట్రెడ్‌వెల్ ఒకప్పుడు ట్రంపెట్ వాయించినవాడు. గాయని సారా వాన్‌కు భర్తగా, మేనేజరుగా ఉన్నవాడు. సంగీతం తెలియని మనిషి కాదు. కానీ ఆయన లెక్కలో డ్రిఫ్టర్స్ అంటే ఒక బ్రాండ్, పాడేవాళ్లు దాన్ని నడిపే సిబ్బంది. 1955లో జానీ మూర్ అనే కుర్రాడు వచ్చి క్లైడ్ స్థానంలో పాడాడు. ‘అడోరబుల్’, ‘రూబీ బేబీ’ ఆయనవే. 1956లో పింక్నీ అందరి తరఫునా జీతం పెంచమని అడిగాడు, వెంటనే ఉద్యోగం పోయింది. 1957లో మూర్‌నీ సైన్యం పిలిచింది. గ్రూపు మెల్లగా జారిపోతూ వచ్చింది.

ఇక 1958 మే నెల. హార్లెంలోని అపోలో థియేటర్లో ప్రోగ్రాం. ఆ వారమే ట్రెడ్‌వెల్ గ్రూపు మొత్తాన్నీ పనిలోంచి తీసేశాడు. కానీ ‘డ్రిఫ్టర్స్’ ఏటా ఇన్నిసార్లు ఆడాలని అపోలోతో రాసుకున్న ఒప్పందం ఇంకా నడుస్తోంది. అదే ప్రోగ్రాంలో ఫైవ్ క్రౌన్స్ అనే, అంతగా ఎవరికీ తెలియని చిన్న గ్రూపు ఒకటి పాడుతోంది. వాళ్లతో మాట్లాడి, అందులో ఒకతన్ని తాగుడు కారణంగా పక్కనపెట్టి, మిగతావాళ్లను డ్రిఫ్టర్స్ చేసేశాడు. చార్లీ థామస్, డాక్ గ్రీన్, ఎల్స్‌బెరీ హాబ్స్, వాళ్లతోపాటు బెంజమిన్ నెల్సన్. హార్లెంలో నాన్న నడిపే చిన్న హోటల్లో పనిచేస్తుండగా గ్రూపులోకి వచ్చిన కుర్రాడు ఈ నెల్సన్. తర్వాత లోకానికి బెన్ ఈ. కింగ్‌గా తెలిసింది ఇతనే.

ఆ తర్వాత నెలల తరబడి సాగిన పర్యటనలు వాళ్లకు నరకం. జనం ‘మనీ హనీ’ పాడిన డ్రిఫ్టర్స్ వస్తారని టికెట్ కొంటే, స్టేజి మీద ఎవరో కొత్త మొహాలు. ఈలలు, అరుపులు తప్పలేదు.

పేరు గురించి ఇక్కడ ఒక చిన్న పక్కమాట. అదే సమయంలో ఇంగ్లండులో మన లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ వెనక వాయించే బ్యాండు పేరు కూడా ‘డ్రిఫ్టర్స్’. వాళ్ల రికార్డు అమెరికాలో విడుదలయ్యేసరికి ట్రెడ్‌వెల్ వైపు నుంచి చట్టపరమైన అభ్యంతరం వెళ్లింది. 1959లో వాళ్లు పేరు మార్చుకుని ‘ది షాడోస్’ అయ్యారు. పాడేవాళ్లను ఒక్క రోజులో మార్చేసిన యజమాని, పేరుని మాత్రం సముద్రం అవతల కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

1959 మార్చి 6న ఈ కొత్త డ్రిఫ్టర్స్ తొలి రికార్డింగు. నిర్మాతలు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. పాట ‘దేర్ గోస్ మై బేబీ’, రాసినవాళ్లలో బెన్ కూడా ఉన్నాడు. లీడ్ (ముందుండే ప్రధాన గొంతు) పాడాల్సింది చార్లీ థామస్. మైకు ముందుకొచ్చేసరికి టెన్షన్‌తో ఆయన గొంతు పెగల్లేదు. పాట నీదేగా నువ్వే పాడు అని బెన్‌ను ముందుకు తోశారు. స్టాన్ యాపిల్‌బామ్ వయొలిన్ల కోసం స్కోరు రాశాడు. ఆర్ అండ్ బీ గ్రూపు పాటలో అలా తంత్రీవాద్యాలు వినిపించడం అప్పటికి దాదాపు లేదు. స్టూడియోలో ఎవరో వదిలేసిపోయిన టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డోలు) ఒకటి కనిపిస్తే దాన్నీ వాడారు. వాయించినతనికి దాన్ని శ్రుతి మార్చడం తెలియదు. దాంతో పాట స్వరాలు మారుతున్నా కింద టింపనీ మాత్రం ఒకే స్వరాన్ని గుమ్ గుమ్మని కొడుతూనే ఉంటుంది. లయ బ్రెజిల్ నుంచి వచ్చిన బయావ్.

అట్లాంటిక్‌లో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌కి ఇది అస్సలు నచ్చలేదు. రెండు స్టేషన్ల మధ్య ఇరుక్కున్న రేడియోలా ఉందన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అన్నది తప్పేమీ కాదు, వయొలిన్లు ఒక దారి, టింపనీ ఒక దారి. కానీ ఆ అయోమయం మధ్యలో బెన్ గొంతు ఒంటరిగా వెతుక్కుంటున్నట్టు వినిపిస్తుంది, పాటలో ఉన్నదీ అలాంటి మనిషే. విడుదలయ్యాక పాప్ చార్టులో రెండో స్థానం, ఆర్ అండ్ బీలో మొదటి స్థానం. ఆ తర్వాత సోల్ (ఆర్ అండ్ బీ, గాస్పెల్ కలిసి పుట్టిన శైలి) పాటల్లో వయొలిన్లు మామూలైపోయాయి.

1960లో ‘సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ’. డ్రిఫ్టర్స్ పాప్ చార్టులో నంబర్ వన్‌కి వెళ్లింది ఈ ఒక్క పాటతోనే. రాసింది డాక్ పోమస్, మార్ట్ షూమన్. పోమస్‌కి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఊతకర్రలు లేనిదే నడవలేడు. తన పెళ్లిలో భార్య వేరేవాళ్లతో డాన్స్ చేస్తుంటే కూర్చుని చూడాల్సి వచ్చింది, ఆ జ్ఞాపకంలోంచి వచ్చిన పాట ఇది. ఇది తెలిశాక పాట వినే తీరే మారిపోతుంది. ఎవరితో కావాలంటే వాళ్లతో ఆడు, ఇంటికి మాత్రం నాతోనే రావాలి అని చెప్పే మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బెన్ దాన్ని జాలి పుట్టించేలా పాడడు, చిరునవ్వుతో పాడతాడు. నాకు ఈ గ్రూపు పాటలన్నిటిలోకీ ఇదే ఎక్కువ ఇష్టం.

ఈ పాట నంబర్ వన్ అయ్యే సమయానికే బెన్ గ్రూపుకి దూరమైపోయాడు. ఆయన, ఆయన మేనేజర్ లవర్ ప్యాటర్సన్ కలిసి డబ్బు పెంచమని అడిగారు, ట్రెడ్‌వెల్ ఒప్పుకోలేదు. ఆ గొడవ నడిచినన్నాళ్లూ బెన్ స్టూడియోలో పాడేవాడు, పర్యటనల్లో వేరేవాళ్లు పాడేవాళ్లు. మీకు ‘ఒక్కో చోట ఒక్కో గొంతు’ అనిపించడానికి ఇదీ ఒక కారణం. 1960 అక్టోబరులో, సోలో గాయకుడిగా ఒకే సెషన్లో బెన్ ‘స్పానిష్ హార్లెం’, ‘స్టాండ్ బై మీ’ రెండూ రికార్డు చేశాడు. ఇక్కడ జీతం పెంచి ఉంటే ఆ రెండూ డ్రిఫ్టర్స్ పేరుతో వచ్చేవేమో.

రూడీ లూయిస్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆయన గురించి ఎవరూ చెప్పరు. బెన్ స్థానంలో వచ్చాడు. అంతకుముందు క్లారా వార్డ్ బృందంతో గాస్పెల్ పాడాడు. ‘సమ్ కైండ్ ఆఫ్ వండర్‌ఫుల్’, ‘ప్లీజ్ స్టే’, ‘అప్ ఆన్ ద రూఫ్’, ‘ఆన్ బ్రాడ్‌వే’ ఇవన్నీ పాడింది ఆయనే. రికార్డు మీద ఆయన పేరు లేదు, ‘ది డ్రిఫ్టర్స్’ అనే ఉంటుంది. ఇప్పటికీ చాలామంది ఇవి కూడా బెన్ ఈ. కింగ్ పాటలే అనుకుంటారు.

‘అప్ ఆన్ ద రూఫ్’ 1962 చివర్లో వచ్చింది. కెరోల్ కింగ్ బాణీ, గెరీ గాఫిన్ మాటలు. న్యూయార్కులో ఇరుకు అపార్ట్‌మెంట్లలో బతికేవాళ్లకు కాస్త గాలి, కాస్త ఆకాశం దొరికేది డాబా మీదే. ఈ పాటంతా అదే. రూడీ ఎక్కడా గొంతు చించుకోడు. మెట్లెక్కుతున్న కొద్దీ రోజంతటి అలసట దిగిపోతున్నట్టు, లైను లైనుకీ గొంతు తేలికవుతుంది. మన ఊళ్లలో ఎండాకాలం రాత్రులు డాబా మీద పడుకున్న వాళ్లకి ఈ పాటకి వివరణ అక్కర్లేదు. ‘ఆన్ బ్రాడ్‌వే’ (1963) దీనికి పూర్తిగా ఎదురు. జేబులో చిల్లిగవ్వ లేకుండా పెద్ద వీధిలో నిలబడి, నేనిక్కడ గెలిచి తీరతాను అని మొండిగా పంతం పట్టే కుర్రాడి పాట. అందులో గిటార్ సోలో వాయించింది ఫిల్ స్పెక్టర్.

ఆ రోజుల్లో డ్రిఫ్టర్స్ సెషన్లంటే న్యూయార్కులో పాటలు రాసేవాళ్లందరూ కలిసే చోటు. తర్వాత పెద్ద గాయని అయిన డియాన్ వార్విక్, ఆమె చెల్లెలు డీ డీ ఈ రికార్డుల్లో వెనక కోరస్ పాడేవాళ్లు. స్వరకర్త బర్ట్ బాకరాక్ డియాన్ గొంతు మొదట విన్నది 1961లో ‘మెక్సికన్ డివోర్స్’ సెషన్లోనే. వాళ్లిద్దరూ కలిసి తర్వాత చాలా హిట్లిచ్చారు.

1964 మే 21న ‘అండర్ ద బోర్డ్‌వాక్’ రికార్డింగు పెట్టుకున్నారు. లీడ్ రూడీ పాడాలి. ముందురోజు రాత్రి ఆయన చనిపోయాడు. సెషన్ వాయిదా వెయ్యలేదు. అప్పటికి సైన్యం నుంచి, సోలో ప్రయత్నాల నుంచి మళ్లీ గ్రూపులోకి వచ్చి ఉన్న జానీ మూర్‌ను ముందు నిలబెట్టారు. సముద్రపు ఒడ్డున చెక్క నడకదారి కింద నీడలో కూర్చున్న జంట గురించిన వేసవి పాట అది, నాలుగో స్థానానికి వెళ్లింది. ఆ రోజు వాళ్లు ఏ మనఃస్థితిలో పాడి ఉంటారో ఆలోచిస్తూ వింటే, మూర్ గొంతులో వినిపించే ఆ నెమ్మది వేరేలా తోస్తుంది.

ఆ తర్వాత అమెరికాలో పెద్ద హిట్లు తగ్గిపోయాయి. బీటిల్స్, మోటౌన్ కంపెనీ పాటలు వచ్చేశాయి. 1967లో ట్రెడ్‌వెల్ పోయాడు, భార్య ఫేయ్ పగ్గాలు తీసుకుంది. 1972లో అట్లాంటిక్‌తో సంబంధం తెగిపోయాక గ్రూపు ఇంగ్లండు వెళ్లింది. మూర్ లీడ్‌గా ‘కిస్సిన్ ఇన్ ద బ్యాక్ రో ఆఫ్ ద మూవీస్’ 1974లో అక్కడ రెండో స్థానం దాకా వెళ్లింది. వినడానికి హాయిగా ఉంటాయి ఈ పాటలు, అంతకుమించి నాకేమీ అనిపించవు. మూర్ 1998 డిసెంబరులో లండన్‌లో చనిపోయేదాకా పాడుతూనే ఉన్నాడు.

ఇక మీ రెండో ప్రశ్న, ‘అసలు’ డ్రిఫ్టర్స్ ఎవరు. పింక్నీ తన గ్రూపుకి ‘ఒరిజినల్ డ్రిఫ్టర్స్’ అని పేరు పెట్టుకుని దశాబ్దాల పాటు పాడాడు. 1970ల్లో చార్లీ థామస్, డాక్ గ్రీన్, హాబ్స్‌లతో ఒక ప్రమోటరు మరో డ్రిఫ్టర్స్ నడిపి, ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు కూడా చేయించాడు. కేసు న్యూజెర్సీ ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. ఆ రిజిస్ట్రేషన్ మోసంతో తెచ్చుకున్నదని 1999లో తీర్పు వచ్చింది, పేరు మీద హక్కు ట్రెడ్‌వెల్ పక్షానిదే అయింది. చట్టం ప్రకారం ఆ ప్రమోటరు చేసింది తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ‘దేర్ గోస్ మై బేబీ’ రికార్డయిన రోజు ఆ గదిలో నిలబడి పాడిన ముగ్గురికి ఆ పేరు మీద సొంతంగా హక్కు లేకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. తర్వాతి కాలంలో అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలు ఇలాంటి నకిలీ గ్రూపుల్ని అడ్డుకోవడానికి ‘ట్రూత్ ఇన్ మ్యూజిక్’ చట్టాలు తెచ్చాయి. వాటి కోసం గట్టిగా పోరాడినవాళ్లలో సుప్రీమ్స్ గాయని మేరీ విల్సన్ ఒకరు.

1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ డ్రిఫ్టర్స్‌ను చేర్చుకున్నప్పుడు ఏడుగురి పేర్లు ఎంచింది: క్లైడ్ మెక్‌ఫాటర్, బిల్ పింక్నీ, గెర్హార్ట్ థ్రాషర్, బెన్ ఈ. కింగ్, చార్లీ థామస్, రూడీ లూయిస్, జానీ మూర్. ‘అసలు’ అనే మాటకి నేనైతే ఈ జాబితానే నమ్ముతాను. పింక్నీ 2007లో, బెన్ 2015లో, చివరగా చార్లీ థామస్ 2023లో పోయారు. ఏడుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు. కాబట్టి మీరు చూడబోయే షోలో ఎవరున్నా, ఈ రికార్డుల్లో వినిపించే ఈ ఏడు గొంతులూ అక్కడ ఉండవు. బాగా పాడేవాళ్లు ఆ పాటలు పాడుతున్నారనుకుని వెళ్తే మంచి సాయంత్రమే గడుస్తుంది. టికెట్ ధర ఎక్కువైతే, ఎవరెవరు పాడుతున్నారో పేర్లు అడిగి మరీ కొనండి.

వినడానికైతే గొంతుల వారీగా వినమంటాను. క్లైడ్ కోసం ‘మనీ హనీ’, ‘హనీ లవ్’. మూర్ తొలిరోజుల కోసం ‘రూబీ బేబీ’. తర్వాత బెన్ పాడిన ‘దేర్ గోస్ మై బేబీ’, ‘దిస్ మ్యాజిక్ మూమెంట్’, ‘సేవ్ ద లాస్ట్ డాన్స్’ ఒకదాని వెంట ఒకటి. వెంటనే రూడీ ‘అప్ ఆన్ ద రూఫ్’ పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: చవగ్గా దొరికే ‘గ్రేటెస్ట్ హిట్స్’ సంకలనాల్లో చాలావాటిలో ఉన్నవి తర్వాతెప్పుడో వేరేవాళ్లు మళ్లీ పాడిన వెర్షన్లు. స్ట్రీమింగ్‌లోనూ ఇదే తంతు. ‘రీ-రికార్డెడ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటే వదిలెయ్యండి. అట్లాంటిక్ పేరు, 1953 నుంచి 1964 మధ్య సంవత్సరం ఉన్నవే తీసుకోండి.